అక్షరం గుండ్రంగా ఉంటే నమ్మండి

ప్రకటనలను తిట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఈ లోకంలో నా బాగు కోరేది ప్రకటన ఒక్కటే!

కాదంటారా? నా మోకాళ్ల సంగతి రోజూ అడిగేదెవరు? పక్కింటి రిటైర్డ్ గుమస్తా అడగడు, తన నడుము సంగతే చెబుతాడు. మా అమ్మాయి ఆదివారం అడుగుతుంది. నా ఫోను మాత్రం గంటకోసారి అడుగుతుంది. "మెట్లెక్కలేకపోతున్నారా?" అని ఎంత ఆప్యాయంగా అంటుందో! కట్టుకున్నావిడ కూడా ఇంత ఓపిగ్గా అడగలేదు. ఆమె పోయి తొమ్మిదేళ్లయింది. ఇక అడగదు కూడా.

ఇంత ప్రేమగా అడిగేవాళ్ల మాట తీసెయ్యడం మర్యాద కాదు. అందుకని చెప్పినవన్నీ కొన్నాను. నా రెండు గదుల ఇంట్లో ఇప్పుడు పక్కకు తిరిగి నడవాలి. పొట్ట తగ్గించే బెల్టు ఉంది. అది వణుకుతుంది, పొట్ట వణుకుతుంది, ఎవరూ తగ్గరు. ఏదీ అంటుకోని పెనం ఉంది. మొన్నటి గుడ్డు ఇవాళ్టికీ దాన్ని వదల్లేదు. జుట్టు మొలిపించే దువ్వెన ఉంది. నాలుగేళ్లుగా అది నా నెత్తి మీద ఆశ పెట్టుకుని కూర్చుంది. ఆశ అంటే అలా ఉండాలి!

నన్ను ఉత్త కొనుగోలుదారు అనుకుంటున్నారేమో. నాదీ ఆ వృత్తే. ముప్ఫై ఒక్క ఏళ్లు గోడల మీద ప్రకటనలు రాశాను. సబ్బులు, సిమెంటు, బనియన్లు, పురుగుమందులు. మనిషెత్తు అక్షరాలు.

నా చదువు ఊరి బడిలో ఏడో తరగతి. అక్షరం వంకరపోతే మా మాస్టారు వేళ్ల కణుపుల మీద కొట్టేవారు. ఏం రాశావని ఎన్నడూ అడగలేదు. "చేతిరాత బాగుంటే సగం మార్కులు" అనేవారు. మిగతా సగం దేనికో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ చదువుతోనే బతికాను. అక్షరం గుండ్రంగా ఉంటే నిజం. వంకరగా ఉంటే అనుమానించాలి. నా విమర్శనా దృష్టి మొత్తం ఇంతే!

మా ఆవిడ బడి మొహం చూడలేదు. కింద నిచ్చెన పట్టుకుని, నేను పైన రాసే ఒక్కో అక్షరం కూడబలుక్కుని, చదవడం నేర్చుకుంది. ఆమె మొట్టమొదట చదివిన మాట "తళతళ". ఒకసారి కిందినుంచి అడిగింది.

"ఏమండీ, ఈ సబ్బు నిజంగా మరకలన్నీ పోగొడుతుందా?"

"గోడ మీద రాసుంది కదే."

"రాసింది మీరేగా!"

"అందుకే చెబుతున్నా. నేను తప్పు రాస్తానా?"

నవ్వింది. ఆ తరవాత అలాంటి ప్రశ్న వెయ్యలేదు. ఇంత మంచి పాఠకురాలు ఏ పత్రికకు దొరుకుతుంది?

అలాంటి ఇంట్లో పుట్టిన మా అమ్మాయి టీచరైంది. ఈ మధ్య ఎనిమిదో తరగతికి కొత్త పాఠం మొదలుపెట్టింది. ప్రకటన కనబడితే పిల్లలు మూడు ప్రశ్నలు వెయ్యాలట. చెబుతున్నదెవరు? ఎందుకు చెబుతున్నారు? చెప్పకుండా వదిలేసిందేమిటి?

ఎంత ప్రమాదమో చూడండి! ఇవాళ సబ్బును అడిగిన పిల్ల రేపు సినిమా పోస్టరును అడుగుతుంది. ఎల్లుండి టీవీ వార్తలను అడుగుతుంది. ఆ మర్నాడు గోడలు మానేసి ఇలా పత్రికలో కాలమ్ రాసుకునే నాలాంటివాణ్ణి అడుగుతుంది. అప్పుడు నా గతేమిటి?

పైగా నాకే ఫోను చేసింది.

"నాన్నా, శుక్రవారం మా క్లాసుకు రా. గోడల మీద ఎలా రాసేవాడివో పిల్లలకు చెబుదువుగాని."

"నేనేం చెబుతానే? ఏడో తరగతివాణ్ణి."

"వాళ్లు ఎనిమిది. ఒక్క క్లాసే తేడా, సర్దుకుంటారులే. కానీ వాళ్లేం అడిగినా నిజం చెప్పాలి. నీ గోడ కబుర్లు చెప్పకు."

 తొమ్మిదేళ్లుగా అమ్మాయికి చెప్పని సంగతి ఒకటుంది.

శుక్రవారం ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లాను. కుర్చీ వేశారు. నా పని గురించి చెప్పాను. ముందు గోడను ఎంచుకోవాలి. మలుపులో ఉండాలి, బస్సులో కూర్చున్నవాళ్లకు కనబడాలి. పాత రాతలు కనబడకుండా సున్నం కొట్టాలి. ఆరాక రంగు పూసిన దారం లాగి కొట్టి గీతలు వెయ్యాలి. అప్పుడు కుంచె పట్టాలి. బోర్డు మీద "అ" రాసి చూపించాను. క్లాసంతా చప్పట్లు! అప్పుడే లేచి వచ్చెయ్యవలసింది. చప్పట్లు వినబడ్డాక లేచి వచ్చే మగాడు ఇంకా పుట్టలేదు.

మూడో వరసలో ఒక పిల్ల నిలబడింది.

"తాతగారూ, మీరు రాసినవాటిలో అన్నింటికన్నా పెద్దదేది?"

"బస్టాండు గోడ మీద దగ్గు టానిక్. 'ఒక్క చెంచా చాలు, దగ్గు మాయం!' నలభై అడుగులమ్మా."

"సున్నం కొట్టకముందు అక్కడేముంది?"

మా అమ్మాయి పాఠం బాగానే చెబుతోంది! నేను మంచినీళ్లు అడిగాను. నెమ్మదిగా తాగాను. ఆ పిల్ల కూర్చోలేదు.

"ఆసుపత్రివాళ్లు రాయించిన రాత. 'దగ్గు రెండు వారాలు దాటితే ఆసుపత్రికి రండి. పరీక్ష ఉచితం' అని."

"దాన్ని చెరిపేశారా?"

"అక్షరాలు వంకరగా ఉన్నాయమ్మా."

క్లాసు నవ్వింది. మా అమ్మాయి నవ్వలేదు. సుద్దముక్క పట్టుకుని ఏదో లెక్క వేసుకుంటోంది. వాళ్లమ్మకు దగ్గు మొదలైంది నేను ఆ గోడ రాసిన ఏడాదే. నా పని మెచ్చుకుని టానిక్ ఏజెంటు ఒక పెట్టె నిండా సీసాలు ఇంటికి పంపాడు. అమ్మాయి అప్పట్లో వేరే ఊళ్లో ఉద్యోగం. డాక్టరుకు చూపించుకోమని ఫోనులో పోరేది. "మీ నాన్న మందు తెచ్చారులే" అనేది వాళ్లమ్మ. అయిదు నెలలు ఒక్క చెంచా కూడా మానలేదు. చివరికి ఆసుపత్రికి తీసుకెళితే డాక్టరు నన్ను కోప్పడ్డాడు. "ఇంత ఆలస్యంగానా తెచ్చేది? బస్టాండులో అంత పెద్దగా రాయించాం, చూడలేదా?"

చూశానండీ. నాకన్నా దగ్గరగా చూసినవాడు లేడు.

గంట కొట్టారు. అమ్మాయి నన్ను వరండాలోకి తీసుకొచ్చింది.

"అమ్మ ఉందా అప్పుడు?"

"నిచ్చెన పట్టుకుంది."

"చదవలేదా?"

"నా అక్షరం తప్ప మీ అమ్మకు ఇంకెవరి అక్షరం అలవాటు లేదు. అక్కడేం రాసుందండీ అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఏం లేదే, ఎవడో గిలికాడన్నాను."

 అమ్మాయి సుద్దముక్కల డబ్బా తీసుకుని పక్క క్లాసులోకి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే బస్టాండుకు వెళ్లాను. సున్నం పెచ్చులూడిపోయింది. పని తొందరగా అవుతుందని నీళ్లు ఎక్కువ కలిపింది నేనే. నా "ఒక్క చెంచా" మధ్యలోంచి "రెండు వారాలు" తొంగి చూస్తోంది. తెచ్చిన రంగు డబ్బా మూత తీశాను.

బస్సు కోసం నిలబడ్డ కండక్టరు పలకరించాడు. "ఏం తాతా, మళ్లీ ఏం అమ్ముతున్నావు?"

"ఏమీ లేదు."

"ఉత్తినే ఎవడు రాస్తాడు? నాకు చెప్పకూడదా?"

కుర్రాళ్లంతా మా అమ్మాయి దగ్గరే చదివినట్టున్నారు!

పాత అక్షరాల మీదే దిద్దడం మొదలుపెట్టాను. చెయ్యి అలవాటుగా గుండ్రంగా తిరగబోయింది. ఆపాను. గుండ్రంగా రాస్తే ఎవరో ఏదో అమ్ముతున్నారనుకుంటారు. వంకరగా ఉన్నదాన్ని వంకరగానే దిద్దాను. మాస్టారు బతికి ఉంటే నా కణుపులు పగిలేవి. కింది వరస పూర్తయింది: "ఆసుపత్రికి రండి. పరీక్ష ఉచితం." ఎందుకు రావాలో చెప్పే పై వరస అలాగే ఉంది. నిచ్చెన పట్టుకునే మనిషి లేదు.

ఈ ఆదివారం అమ్మాయి ఫోను చెయ్యలేదు. నా ఫోను మాత్రం మరచిపోకుండా మోకాళ్ల సంగతి అడిగింది.

ముందే చెప్పాను కదా, ఈ లోకంలో నా బాగు కోరేది ప్రకటన ఒక్కటే!