రైలు రాని అప్పగింతలు

కిరండూల్ కాలనీలో నింద అనే జబ్బును పూర్తిగా నిర్మూలించామని ఇందుమూలంగా తెలియజేసుకుంటున్నాము. మశూచికి టీకా కనిపెట్టినవాళ్లు వేరే దేశంవాళ్లు. దీనికి మందు మాత్రం మా సొంతం. మా మందు పేరు విశాఖపట్నం రైలు.

పద్ధతి చాలా సులువు. మేము పనిచేసే ఇనుప గని పెద్దది గనక నెలనెలా ఎవరో ఒకరు రిటైరవుతూనే ఉంటారు. రిటైరైనవాడు సామాను సర్దుకుని, రైలెక్కి కొండ దిగిపోతాడు. మళ్లీ రాడు. రానివాడికి కోపమొచ్చినా మనకు తెలియదు. కాబట్టి ఎవరి వల్ల ఏ తప్పు జరిగినా దాన్ని జాగ్రత్తగా అట్టేపెట్టి, నెలాఖరున దిగిపోయేవాడికి ఇచ్చి పంపుతాము. ముందు దండ, శాలువా, గోడగడియారం, మిఠాయి పెట్టె, ఆ తర్వాత తప్పులు. ఈ కార్యక్రమాన్ని అప్పగింతలు అంటాము. పెళ్లిలో లాగే ఇందులోనూ అందరూ ఏడుస్తారు. ఏడ్చి, ఇంటికెళ్లి హాయిగా నిద్రపోతారు.

సంసారాల్లోనూ ఇదే శాంతి. కూర మాడిందనుకోండి. భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, కిందటి నెల దిగిపోయిన పెద్దమనిషిని తలచుకుని, పెరుగన్నం తిని లేస్తారు.

ఒకసారి విశాఖ నుంచి మనస్తత్వశాస్త్రం ప్రొఫెసరుగారిని పిలిపించి, నిందను జయించడం ఎలా అనే అంశం మీద మాట్లాడించాము. మనిషి తనలో చూడలేనిదాన్నే ఎదుటివాడి ముఖంలో చూస్తాడని, వేలెత్తే ముందు ఆ వేలు ఎవరి చేతిదో చూసుకోవాలని ఆయన చెబుతుండగా మైకు ఆగిపోయింది. అది కిందటి నెల రిటైరైన స్టోర్‌కీపరు వల్ల ఆగిందని అందరం ఒక్క గొంతుతో, ఏ మాత్రం కోపం లేకుండా చెప్పాము. ప్రొఫెసరుగారు తన కాగితాలు మడిచేసి, మీకు నేర్పడానికి నా దగ్గరేమీ లేదన్నారు. ఆ మెచ్చుకోలుకు చప్పట్లు కొట్టాము.

ఇంత పకడ్బందీ వ్యవస్థ ఒక జూలైలో దెబ్బతింది.

కొండ మీద తవ్విన రాయిని కిందికి మోసే పొడవాటి రబ్బరు బెల్టు నిలువునా చిరిగింది. వానకు తడిసిన రాయిపొడి బురదై పేరుకుంటే, అది ఎత్తిపోశాకే బెల్టు నడిపే మీట నొక్కాలి. ఎత్తకుండా నొక్కారు. ఎవరు నొక్కారనే అనాగరికమైన ప్రశ్న మాలో ఎవరూ వేయలేదు. బెల్టు సెక్షన్ ఫోర్‌మన్ చక్రధరరావు ఆ నెలాఖరునే దిగిపోతున్నాడు. అంతకన్నా ఏం కావాలి? చిరిగిన రోజు ఆయన సెలవులో ఉన్న మాట నిజమే. మా పద్ధతిలో అదొక అభ్యంతరం కాదు.

సభలో మేనేజరు రామారావుగారు మాట్లాడారు. "చక్రధరరావుది విశాల హృదయం. ఎంత పెట్టినా ఇంకా చోటుండే హృదయం. అలాంటి హృదయాన్ని మన సంస్థ వృథా పోనివ్వదు!" అంటూ కళ్లు తుడుచుకున్నారు. తర్వాత వరసగా వెళ్లి అప్పగించాము.

"సార్, ఆ బెల్టు మీదేనండీ."

"నాదే బాబూ," అన్నాడు చక్రధరరావు. అలా అనడం మర్యాద.

ఆడవాళ్ల వైపు ఆయన భార్య అప్పలకొండమ్మకు పక్క క్వార్టరు చిన్నమ్మి బొట్టు పెట్టి, చెవి దగ్గరికి వంగింది. "వదినా, మా ఆవకాయ జాడీ పగిలింది సూడు, అది అన్నయ్యే పగలగొట్టాడు. ఏటీ అనుకోకు."

"ఆ యేళప్పుడు ఆయన డ్యూటీలో ఉన్నాడు గదే!"

"అందుకే గదా వదినా, మా ఇంట్లో గొడవ లేకుండా పోయింది."

ఊరంతా స్టేషనుకు వెళ్లాము. రైలు రాలేదు. అరకు ఘాటులో కొండరాళ్లు పట్టాల మీద పడ్డాయట. ఎప్పటికి తీస్తారో స్టేషన్ మాస్టరుకే తెలియదు. చక్రధరరావు దండతో సహా ఖాళీ క్వార్టరుకు తిరిగొచ్చాడు.

అలాంటి విపత్తు మేము ఎరగము. మా తప్పులన్నీ మోస్తున్న మనిషి మా మధ్యనే గొడుగు వేసుకుని తిరుగుతున్నాడు. సంతలో కూరగాయలమ్మే మంగి దగ్గర వంకాయలు బేరమాడుతున్నాడు. ఆయన కనబడితే పక్క సందులోకి తప్పుకునేవాళ్లము. ఆయన మీద కోపముండి కాదు. ఎదురుగా అద్దమొకటి నడిచొస్తున్నట్టుండేది.

అప్పలకొండమ్మ కట్టిన పరుపుచుట్ట మీదే కూచుని, దారినపోయే ప్రతివాడినీ ఆపేది. "ఏటర్రా! ముప్పై ఏళ్లు ఆయన్ని అన్నాను, పడ్డాడు. అనడానికి నానున్నాను గదా, మజ్జిన మీరెవలర్రా?" అనేది. లోపలికెళ్లి ఆయన్నీ వదిలేది కాదు. "నువ్వైనా నాదే నాదే అని ఎందుకన్నావు?"

"అలవాటే," అన్నాడట ఆయన. "ఇన్నేళ్లూ నేనూ నెలనెలా ఎవరి నెత్తినో పెట్టినవాణ్ణే గదా. వాళ్లూ నాదే అనే వెళ్లారు."

ఇంతలో బెల్టు సంగతి చూడ్డానికి పైనుంచి విచారణ సంఘం వచ్చింది. దోషి రిటైరై వెళ్లిపోయాడని రామారావుగారు నివేదించారు. సంఘంవారు కిటికీలోంచి చూస్తే దోషి వంకాయల సంచీతో పోతున్నాడు. వెళ్లనివాణ్ణి వెళ్లాడనడం బాగుండదు గనక, రామారావుగారు ఆ ఘడియలోనే సోమారు పేరు చెప్పారు. సోమారు కొండ కింది ఊరివాడు, కాంట్రాక్టు కూలీ. రైళ్లు నడవని కాలంలో పనికొస్తారనే కాంట్రాక్టు కూలీలను ఉంచుకోవడం మా ముందుచూపు. సోమారు ఆ వేసవిలోనే ఇంటికి రేకులు వేయడం మొదలుపెట్టాడు. సగం ఇంటికి వేశాడు. పని పోతే మిగతా సగంలో పెళ్లాం హిడ్మే, పిల్లలు తడవాలి.

క్లబ్బు హాల్లో విచారణ జరిగింది. సంఘం అధ్యక్షుడు అడగ్గానే సోమారు లేచి నిలబడ్డాడు.

"నేనే నొక్కాను సాబ్. ముందు సాఫ్ చేయాలి అన్నాను. టార్గెట్ పోతుంది, నొక్కు అని బడా సాబ్ అన్నారు. నొక్కాను."

హాలంతా గగ్గోలు. నలుగురిలో నిలబడి, పసిపిల్లలు వింటుండగా, 'నేనే' అన్న మనిషిని మేము చూడ్డం అదే మొదటిసారి.

అధ్యక్షుడు రామారావుగారి వైపు తిరిగాడు. రామారావుగారు గొంతు సవరించుకుని, "మీట నొక్కాలనే కోరిక మనందరి మనసుల అడుగున ఉంటుంది. ఆ రోజు నా నోటి నుంచి మాట్లాడింది సమష్టి మనసు. ప్రొఫెసరుగారు ఇదే చెప్పారు," అన్నారు.

సంఘంవారు తలలు ఊపారు. బాధ్యత అందరిదీ. అందరిదీ అయినది ఎవరిదీ కాదు. ఇక ఒప్పుకున్నవాడు ఒక్కడే కనబడుతున్నాడు గనక సోమారును పనిలోంచి తీసేయవచ్చని తేల్చారు. మేము నిట్టూర్చి, టీ ఎప్పుడిస్తారా అని చూస్తున్నాము.

వెనక వరసలో చక్రధరరావు లేచాడు. "బెల్టు నాదండీ."

"మీరు ఆ రోజు సెలవులో ఉన్నారట కదా?"

"ఉన్నానండీ. కానీ అప్పగింతలైపోయాయి. మీ రామారావుగారిని అడగండి, దండ కూడా ఆయనే వేశారు."

ఇక అప్పలకొండమ్మ హాలు కప్పు ఎగరగొడుతుందనుకున్నాము. ఆవిడ కొంగు బిగించి లేచింది. "జాడీ మాది కాదు. మీ మాడిన కూరల సంగతి మాకు తెల్దు. మీ మిగతాయి ఎవలియి ఆలే ఉంచుకోండి. ఈ బెల్టొక్కటే మా ఆయన ఎరిగి ఎత్తుకున్నాడు. నానూ ఓ సెయ్యేస్తాను," అని కూచుంది.

సంఘంవారు తప్పును చక్రధరరావు పేర రాసుకున్నారు. రిటైరైనవాణ్ణి తీసేయడానికి వీల్లేదు గనక సోమారు పని నిలబడింది. దానికి బదులు, క్లబ్బు గోడకు చక్రధరరావు పేరుతో పెట్టాల్సిన రాతిపలకను ఆపేశారు. పలక వృథా కాకుండా, విచారణను సామరస్యంగా ముగించినందుకు రామారావుగారి పేరు చెక్కించారు.

తిరిగొచ్చిన తప్పులతో మేము పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు. చిన్నమ్మి ఇంట్లోంచి గోడ ఇవతలికి వినబడ్డ మాటలు, చెప్పడానికి నోరు రావడం లేదు. "జాడీ నానే పగలగొట్టాను." "తెలుసులేవే. నానే అటక అంచున పెట్టాను." ఆ తర్వాత ఇద్దరూ పగలబడి నవ్వారు. పరువైన కాలనీలో మొగుడూ పెళ్లాలు ఉండవలసిన తీరు అదేనా?

కొన్నాళ్లకు రాళ్లు తీశారు. రైలు నడిచింది. చక్రధరరావు ట్రంకుపెట్టె సోమారు ఎక్కించాడు. "సాబ్, బరువుగా లేదే!" అన్నాడు. "చాలామటుకు ఇక్కడే దింపేశాం నాయనా," అంది అప్పలకొండమ్మ. రైలు కదిలేదాకా ఉండి, సోమారు మిగతా రేకులు వేసుకోవడానికి వెళ్లిపోయాడు. మేము మాత్రం పట్టాల వైపు చూస్తూ, ఈ అశాంతికంతటికీ మూలం కొండ దిగిపోయిన చక్రధరరావే అని ఏకగ్రీవంగా తీర్మానించుకుని, చాలా రోజుల తర్వాత హాయిగా ఊపిరి పీల్చుకున్నాము.

వచ్చే నెలాఖరుకు నా వంతు. శాలువా రంగు ఇప్పటికే అడిగి వెళ్లారు. చదువుతున్న మీరు మర్యాదస్తులు, పైకి చెప్పరు గాని, మీ ఆఫీసులోనో ఇంట్లోనో చాన్నాళ్లుగా అట్టేపెట్టుకున్నది ఒకటి ఉండే ఉంటుంది. మొహమాటపడకుండా పంపండి. నాదే అంటాను. కాకపోతే కాస్త త్వరగా పంపండి. ఘాటులో మళ్లీ వాన పట్టింది. రైలు రాకపోతే అవన్నీ పట్టుకుని నేను మీ ఇంటికే రావలసి ఉంటుంది.