గాలి పట్టివేత

అందరికీ తెలియజేయునది ఏమనగా, ఆ పాత ఇంటి బాత్రూమ్‌లోకి ఏళ్ల తరబడి ఎవరి అనుమతీ లేకుండా వచ్చిపోతున్న చలిగాలిని ఎట్టకేలకు పట్టుకుని, దాని రాకపోకలు నిలిపివేశారు. ఈ ఘనకార్యంలో ఇంటి పెద్దాయన ప్రాణం పోబోయింది. ఇంత పెద్ద పనిలో అలాంటి చిన్న చిన్న ఇబ్బందులు మామూలే కనుక ఎవరూ మనసులో పెట్టుకోలేదు.

మొదలుపెట్టింది కూడా ఆయనే. ఆయన కోర్టు హాలు గుమ్మంలో నిలబడి వాది ప్రతివాదుల పేర్లు కేకవేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఒకప్పుడు ఆ గొంతు వింటే లాయర్లు కూడా టీ గ్లాసు కింద పెట్టి పరిగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు ఇంట్లో ఎన్నిసార్లు పిలిచినా పలికే నాథుడు లేడు. బాత్రూమ్‌లో మాత్రం గొంతు బాగా మోగుతుంది. అందుకని స్నానం చేస్తున్నంతసేపూ "వాది హాజర్! ప్రతివాది హాజర్!" అని అరుచుకుంటూ, తలమీద వేడినీళ్లు గుమ్మరించుకుంటూ, ఆ కాసేపూ ఉద్యోగంలో ఉండేవాడు. వంటింట్లో కోడలు చెవులు మూసుకునేది.

ఒకరోజు భోజనాల దగ్గర ఎవరూ తనతో మాట్లాడటం లేదని, ఏదో ఒకటి అనాలి కాబట్టి, "స్నానం చేస్తుంటే వీపుకి చలిగాలి తగులుతోందిరా" అన్నాడు.

కొడుకు ఫోను పక్కన పెట్టాడు. తండ్రి మాటకి కొడుకు ఫోను పక్కన పెట్టడం ఆ ఇంట్లో అదే మొదలు. పెద్దాయన పొంగిపోయాడు. గాలి అంత పెద్ద గాలేం కాదని చెప్పబోయి, చెప్పకుండా మింగేశాడు.

మర్నాడే ఒక సంఘం ఏర్పడింది. కొడుకు ఆఫీసులో సెక్షన్ హెడ్డు కాబట్టి అధ్యక్షుడు. అతని బావమరిది ఏసీలు అమ్మే షాపులో పనిచేస్తాడు కాబట్టి గాలి విషయంలో అతని మాటకి తిరుగులేదు. ఇద్దరూ బాత్రూమ్‌లో కొవ్వొత్తి వెలిగించి, మంట ఎటు వంగితే అటు వేలు చూపించారు. పైన వెంటిలేటర్‌లో ఒక అద్దం రెక్క విరిగిపోయి ఉంది. తలుపు కింద రెండు వేళ్లు దూరే సందు ఉంది. గోడలో, ఎప్పుడో పొగగొట్టం తీసేసిన చోట, గుండ్రటి బెజ్జం ఉంది. దాని కిందే గ్యాస్ గీజర్ బిగించారు.

"చూశారా బావగారూ, ఇల్లా ఇది? జల్లెడ!" అన్నాడు బావమరిది.

మేస్త్రీ వచ్చాడు. బెజ్జంలోకి సిమెంటు కూరాడు. వెంటిలేటర్‌కి అట్టముక్క కాదు, ఏకంగా ప్లైవుడ్ కొట్టి చుట్టూ సీలు వేశాడు. తలుపు కింద రబ్బరు పట్టీ అంటించాడు. వాళ్లు మూయమన్నారు, అతను మూశాడు. పని జరిగినన్నాళ్లూ పెద్దాయన కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "నాన్నా, ఇక్కడ తగులుతోందా? ఇక్కడా?" అని కొడుకు వీపు మీద చెయ్యి పెట్టి మరీ అడిగాడు. ఆ చెయ్యి కోసం పెద్దాయన తగలని చోట కూడా తగులుతోందని చెప్పాడు.

వారం తిరక్కుండా ఫలితాలు కనిపించసాగాయి. గోడలకి చెమట పట్టింది. పైకప్పు మీద నల్లటి బూజు చక్కగా విస్తరించింది. "తువ్వాళ్లు ఆరట్లేదండీ, ముక్కిపోయిన కంపు కొడుతున్నాయి" అంది కోడలు.

"వేడి నిలబడుతోందన్నమాట," అని బావమరిది ఆనందించాడు.

ఇక మిగిలింది తుది పరీక్ష. నిజంగా స్నానం చేసే పరిస్థితుల్లోనే జరగాలని గీజర్ వెలిగించి, నీళ్లు వదిలి, కొవ్వొత్తి లోపల పెట్టి, తలుపు బిగించి, బయట నిలబడి అందరూ టీ తాగారు. టీలు, కబుర్లు అయ్యాక తీసి చూస్తే కొవ్వొత్తి ఆరిపోయి ఉంది.

సంఘం దిగ్భ్రాంతి చెందింది. గాలి లేకపోతే కొవ్వొత్తి ఎలా ఆరుతుంది? ఆరిందంటే ఎవరో ఊదారు. ఊదింది గాలే. అంటే దొంగ ఇంకా లోపలే ఉన్నాడు! ఇంత సూక్ష్మంగా ఆలోచించగలిగే బుర్రలు ఒకే ఇంట్లో రెండు ఉండటం అరుదు. వెంటనే తలుపు చుట్టూ మందపాటి రబ్బరు పట్టీ అంటించి, స్విచ్‌బోర్డు చుట్టూ, చివరికి తాళంచెవి బెజ్జంలో కూడా సీలు కుక్కారు.

ప్రారంభోత్సవం నాడు కొడుకు బాత్రూమ్ గుమ్మంలో నిలబడి ప్రసంగించాడు. "నాన్నగారి వీపంటే ఒక్క నాన్నగారి వీపు కాదు. ఈ కుటుంబం వీపు. దానికి ఇక ఏ గాలీ సోకదని హామీ ఇస్తున్నాను." బావమరిది చప్పట్లు కొట్టాడు. పెద్దాయన కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

నీళ్లు వెచ్చగా ఉన్నాయి. వీపుకి గాలి తగల్లేదు. "వాది హాజర్!" అని గట్టిగానే మొదలుపెట్టాడు. కాసేపటికి తల బరువెక్కింది. కాళ్లు తేలిపోతున్నాయి. తలుపు తీయాలనుకున్నాడు. కానీ ఇప్పుడే తీస్తే పిల్లల కష్టమంతా వృథా అయిపోతుంది, వాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఇంకొక్క చెంబు పోసుకుని చూద్దాం అనుకున్నాడు. తీరా భయం వేసి "అబ్బాయ్!" అని పిలవబోతే, జీవితమంతా కేకలు వేసి బతికిన మనిషికి గొంతు పెగల్లేదు.

ప్రతివాది హాజరు కాకపోవడం కోడలు గమనించింది. రోజూ విసుక్కునే కేక వినబడకపోయేసరికి ఆమె చేతిలో గరిటె వదిలేసి వచ్చింది. "మామయ్యగారూ!" అని తలుపు బాదింది. కొడుకు పరుగెత్తుకొచ్చి భుజంతో గుద్దాడు. గడియకి తోడు పట్టీ ఎంత బిగుతుగా ఉందంటే ఇద్దరూ కలిసి తలుపు పగలగొట్టాల్సి వచ్చింది.

"ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవారు కాదు," అన్నాడు ఆసుపత్రిలో డాక్టరు. "గీజర్ మంట గదిలో గాలంతా తినేసి విషవాయువు వదిలింది. లోపలికి గాలి రానివ్వండి."

"రాకూడదనే కదండీ ఇంత చేశాం!" అన్నాడు కొడుకు, ఏడుపు గొంతుతో.

పెద్దాయన ఇల్లు చేరాక వీధి వీధంతా పరామర్శకి వచ్చింది. ప్రతి ఒక్కరూ నిమిషం సేపు మంచం పక్కన నిలబడి, అయ్యో పాపం అని, ఆపైన బాత్రూమ్ చూసి వస్తామన్నారు. చూసి వచ్చి, గొంతు తగ్గించి, "చీమ కూడా దూరేట్టు లేదే! మేస్త్రీ ఎవరండీ? మా ఇంట్లోనూ ఇదే గాలి బాధ" అన్నారు. ఇంతమంది తన మంచం చుట్టూ మూగడం పెద్దాయనకి బాగానే ఉంది. "పని మాత్రం గట్టిదండీ," అని ఆయనే స్వయంగా ఫోన్ నంబరు చెప్పాడు.

ఇప్పుడు ఆ వీధిలో ఏ బాత్రూమ్‌లోనూ గాలి దూరదు. ప్రాణభయం కొద్దీ అందరూ తలుపు ఓరగా తెరిచి స్నానం చేస్తున్నారు. అలా చేస్తే వీపుకి చలిగాలి తగులుతోందట. ఏం చేయాలో తేల్చడానికి వచ్చే ఆదివారం పెద్దాయన ఇంట్లోనే సమావేశం. గాలి గురించి తెలిసినవాళ్లంతా రావచ్చన్నారు కాబట్టి, మిమ్మల్ని వేరే పిలవనక్కర్లేదు. వచ్చేటప్పుడు ఎవరి కొవ్వొత్తి వారే తెచ్చుకోవాలి.