ఎడమ చక్రమూ ఎంపిక సంఘమూ

మా ఇంటి టూల్ సెట్ ఎంపిక సంఘం పదకొండు వారాల కఠోర శ్రమ అనంతరం తన కార్యక్రమాన్ని జయప్రదంగా ముగించిందని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాను. ఏ రిమోట్ కారు కోసం సంఘం ఏర్పడిందో, ఆ కారుకు సంఘం పని ముగిసేనాటికి కూడా ముందువైపు ఎడమ చక్రం లేదు. అయితే చక్రం సంఘం పరిధిలోకి రాదు.

నాకు పెళ్ళయి నాలుగు నెలలు. మా సంబంధం నలభై నిమిషాల్లో ఖాయమైంది. ఆయన నన్ను ఏం చదివావని అడిగారు, చెప్పాను. వాన ఇష్టమా అని అడిగారు, ఇష్టమేనన్నాను. అంతే, పెద్దవాళ్ళు లేచి చేతులు కలిపారు. నా గురించి ఎవరూ సమీక్షలు చదవలేదు. నా పక్కన మరో ముగ్గురిని పెట్టి పట్టిక గీయలేదు. ఇంత తొందరపాటు మనిషిని కట్టుకున్నానే అని మొదట్లో కాస్త బెంగపడ్డాను. టూల్ సెట్ వ్యవహారం మొదలయ్యాక ఆ బెంగ పూర్తిగా తీరిపోయింది.

జరిగింది చాలా చిన్న విషయం. మా ఆయన రిమోట్ కారు ఒక ఆదివారం కాలిబాట అంచుకు గుద్దుకుని, ఎడమ చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి విరగ్గొట్టుకుంది. కొత్త చెయ్యి మూడు రోజుల్లో పోస్టులో వచ్చేసింది. మూడు స్క్రూలు విప్పి, పాతది తీసి, కొత్తది పెట్టి, మళ్ళీ మూడు స్క్రూలు బిగిస్తే పని అయిపోతుంది. కానీ ఆ స్క్రూల తలలో ఆరు మూలల గుంట ఉంటుంది. చేతికందిన దానితో తిప్పితే మూలలు అరిగిపోయి, ఆ స్క్రూ ఇక జన్మలో బయటికి రాదట. కాబట్టి లోకంలోకెల్లా శ్రేష్ఠమైన టూల్ సెట్ దొరికేదాకా కారును ఎవరూ ముట్టుకోరాదని తీర్మానమైంది. కారును భోజనాల బల్ల మీద మడత తువ్వాలులో పడుకోబెట్టారు. అత్తమామలతో కలిపి మేం నలుగురం దాని చుట్టూ కూర్చుని, రోగి నిద్ర చెడకుండా మెల్లగా నమిలేవాళ్ళం.

నాకు ఈ విషయంలో స్వార్థం ఉంది, దాచను. మా ఆయన సభ్యుడిగా ఉన్న రిమోట్ కార్ల క్లబ్బు పన్నెండో వారంలో దంపతుల పందెం పెట్టింది. నిబంధన ఏమంటే రిమోట్ భార్య చేతిలో ఉండాలి. రెండు డిగ్రీలు చేశాను, ఒక మెడల్ కూడా ఉంది, కానీ ఆ రిమోట్ మీద కలిగినంత ఆశ నాకు దేనిమీదా కలగలేదు. కారు మంచం పట్టింది కాబట్టి ఉత్త రిమోట్‌తోనే సాధన చేసేదాన్ని. వంటింట్లో ఎడమకు తిప్పితే నేనే ఎడమకు తిరిగేదాన్ని. కుడికి తిప్పితే ఫ్రిజ్‌కు గుద్దుకునేదాన్ని.

సంఘానికి మా ఆయన అధ్యక్షులు. మామయ్యగారు ముఖ్య సలహాదారు. ఆయన తూనికలు, కొలతల శాఖలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి విరమించారు. ఆయన పేరు చెబితే ఊళ్ళో తరాజులు వాటంతటవే నిటారుగా నిలబడేవట. క్లబ్బు కార్యదర్శి ఫోన్లో ప్రత్యేక ఆహ్వానితులు. ఏ వస్తువు గురించైనా మైక్రాన్లలోనే మాట్లాడతారు కాబట్టి అందరూ ఆయన్ని మైక్రాన్‌గారు అంటారు. అత్తయ్యగారిదీ నాదీ ప్రేక్షక హోదా.

మొదటి రెండు వారాలు పిడి రంగుకు సరిపోయాయి. మూడో వారం మొన మీది పూత గురించి. నాలుగో వారం మా ఆయన గోడకు ఒక పట్టిక అంటించారు. అందులో పదిహేడు సెట్లు, ఒక్కోదానికి ఇరవై రెండు గుణాలు. ఆరో వారంలో పెట్టెకు సొరుగులుండాలా, చుట్టచుట్టే సంచిలో పెట్టాలా అన్న దానిపై తండ్రీకొడుకులకు మాటలు ఆగిపోయాయి. నాలుగు రోజులు నా ద్వారానే మాట్లాడుకున్నారు. "మీ ఆయనకి చెప్పమ్మా, సంచి అంటే సర్కస్ వాళ్ళకి" అని ఒకరు. "మా నాన్నకి చెప్పు, సొరుగు జామైతే సుత్తి కావాలని" అని ఇంకొకరు. ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఉండేవారు.

తొమ్మిదో వారంలో ప్రేక్షక హోదాను అతిక్రమించి ఒక ప్రశ్న అడిగాను.

"ఏవండీ, మూడు స్క్రూలూ ఒకే సైజంటున్నారు కదా, ఆ సైజుది ఒక్కటి తెచ్చుకుంటే సరిపోదా?"



"అమ్మాయ్," అన్నారు మామయ్యగారు చాలా దయగా, "ఒక్కదానితో పనైపోతే, మిగతావి కొనడానికి కారణం ఎక్కణ్ణించి తెస్తాం చెప్పు?"

ఫోన్లోంచి మైక్రాన్‌గారు ఈ సందర్భాన్ని వదులుకోలేదు. "సోదరీ! స్క్రూ అంటే ఏమిటి? మనల్ని నమ్మి తల వంచిన జీవి. దాని తలలో ఏది పెడతామన్నదే మన సంస్కారం. కారు నడపడం ఎవరైనా నడుపుతారు. నడపకుండా నిలబెట్టుకోవడానికి నిగ్రహం కావాలి!"

"ఈపాటికి ఆ చక్రానికే కాళ్ళొచ్చి, వెళ్ళి దాని చోట అది కూర్చునేది," అన్నారు అత్తయ్యగారు గిన్నెలు తుడుస్తూ. ప్రేక్షకుల వ్యాఖ్యలు రికార్డులకెక్కలేదు.

పందేనికి ముందురోజు, శనివారం ఉదయం, సెట్ వచ్చింది. అరవై నాలుగు ముక్కలు. నల్లపెట్టె. దాని గొళ్ళెం తెరుచుకున్న చప్పుడును మా ఆయన మూడుసార్లు విన్నారు, నాకు రెండుసార్లు వినిపించారు. ఎంత అందంగా ఉందని! నేను కూడా పదకొండు వారాలు మరిచిపోయి చప్పట్లు కొట్టాను. మామయ్యగారు చేతులు కడుక్కుని వచ్చి మొదటి మొనను స్క్రూ గుంటలో పెట్టారు. దూరలేదు. దాని తర్వాత సైజు పెట్టారు. దూరింది, కానీ పట్టు లేకుండా గిర్రున తిరిగింది. కళ్ళజోడు తెచ్చుకుని పిడి మీది అంకెలు చదివారు.

సెట్టంతా అంగుళాల్లో ఉంది. కారంతా మిల్లీమీటర్లలో ఉంది.

పదిహేడు సెట్లు, ఇరవై రెండు గుణాలు, ముప్పై నాలుగేళ్ళ కొలతల శాఖ. స్క్రూను కొలవడం మాత్రం ఎవరికీ తట్టలేదు.

"అంగుళంలో ఏ తప్పూ లేదు," అన్నారు మామయ్యగారు మొనను తిరిగి పెట్టెలో దాని చోట పెడుతూ. "ముప్పై నాలుగేళ్ళ అనుభవంతో చెప్తున్నా. తప్పు కారులోనే ఉంది."

ఇంత గొప్ప సెట్‌ను తిప్పి పంపడం దాన్ని అవమానించడమే కాబట్టి, ఈ సెట్‌కు తగిన కారును వెతకాలని అక్కడికక్కడే ఏకగ్రీవంగా నిర్ణయమైంది. కారు ఎంపిక సంఘం ఏర్పడింది. మా ఆయన గోడ మీది పట్టిక చింపి కొత్త పట్టిక గీయడం మొదలుపెట్టి, మధ్యలో ఆగి నా వంక చూశారు.

"పందెం వచ్చే ఏడు కూడా ఉంటుందోయ్," అన్నారు మెల్లగా.

"ఉంటుంది లెండి," అన్నాను. రిమోట్ తీసుకెళ్ళి సొరుగులో పెట్టేశాను.

మధ్యాహ్నం అత్తయ్యగారు నా పుస్తకాలు దులుపుతుంటే ఒక దాంట్లోంచి చిన్న ఇనపముక్క కింద పడింది. పెళ్ళైన రెండో వారంలో నేను బిగించుకున్న పుస్తకాల అరతో పాటు ప్యాకెట్లో వచ్చిన, స్క్రూలు బిగించే వంకర తాళం అది. చదువుతున్న పేజీకి గుర్తుగా పెట్టుకున్నాను.

"ఇదేమిటే, ఆరు మూలలతో ఉంది? ఆ కారు స్క్రూ గుంటలాగే ఉందే!" అన్నారు ఆవిడ.

ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. లోపలి గదిలో సంఘం సమావేశంలో ఉంది. చప్పుడు కాకుండా బల్ల దగ్గరికి వెళ్ళాం. తాళం గుంటలోకి చెప్పుల్లోకి కాలు వెళ్ళినంత హాయిగా వెళ్ళింది.

"ఎటు తిప్పాలి?" అన్నాను గుసగుసగా.

"సీసా మూత ఎటు తీస్తావు? అటే."

ఎనిమిది నిమిషాలు పట్టింది. అందులో మూడు నిమిషాలు మాకు నవ్వాగక. మంచినీళ్ళకు బయటికి వచ్చిన మా ఆయన నాలుగు చక్రాల మీద నిలబడ్డ కారునూ, దాని వెనక నిలబడ్డ మా ఇద్దరినీ చూసి, గ్లాసు అక్కడే పెట్టేశారు. కారును నేలమీద పెట్టి ముందుకూ వెనక్కూ తోశారు. తర్వాత నా చెవిలో అన్నారు, "నాన్నకి చెప్పకు. పొద్దున్నే పారిపోదాం."

ఆదివారం ఉదయం ఒక ఖాళీ పార్కింగ్ స్థలంలో పన్నెండు జంటలు చేరాయి. పదకొండు టూల్ బాక్సులు ఎండలో తళతళలాడుతున్నాయి. ఆ పదకొండు కార్లలో ఒకదానికి ఇరుసు లేదు, ఒకదానికి మోటారు లేదు, మిగతావి తగిన మొన కోసం నిరీక్షణలో ఉన్నాయి. మైక్రాన్‌గారు ప్రారంభోపన్యాసం చేసి విజిల్ ఊదారు. ఒక్క కారు కదిలింది.

తొంభై సెకన్లు! ఆ తొంభై సెకన్లూ నేనెక్కడున్నానో నాకు తెలియదు. మా ఆయన కారు వెంట పరిగెడుతూ "ఎడమ! ఎడమ!" అని అరిచారు. నేను ఎడమకు తిప్పి, నేనూ తిరిగి, పక్కావిడ కాలు తొక్కి, గీత దాటించాను.

మైక్రాన్‌గారు తీర్పు చెప్పారు. ఒంటరిగా వచ్చిన బండి మొదటిదీ అవుతుంది, చివరిదీ అవుతుంది, కాబట్టి ఫలితం నమోదు చేయడం సాధ్యం కాదు. నేనేమీ అనుకోలేదు. గాల్లో ఉన్నదాన్ని ఏమనుకుంటాను? జనం నా చుట్టూ మూగారు. ఆ మలుపు ఎలా తిప్పావని అడుగుతారేమోనని ఊపిరి పీల్చుకుని సిద్ధంగా నిలబడ్డాను.

"దేంతో విప్పారండీ?" అన్నారు.

తాళం చేతులు మారింది. ఎండకు పెట్టి చూశారు. ఒకాయన వాసన చూశారు. బుధవారానికి క్లబ్బు ప్రకటన వచ్చింది: వంకర తాళం శ్రేష్ఠం. శుక్రవారానికి సభ్యులందరూ తాళం కోసం పుస్తకాల అరలు కొన్నారు. పలకలు వరండాల్లో గోడలకు ఆనించి ఉన్నాయి, బిగించే తీరిక ఎవరికీ లేదు. నాలుగు అరల దాంతో వచ్చే తాళం మంచిదా, ఐదు అరల దాంతో వచ్చేది మంచిదా అని క్లబ్బు రెండుగా చీలింది. మామయ్యగారు మా తాళాన్ని కొలిచి, సరిగ్గా మూడు మిల్లీమీటర్లని రాసి సంతకం పెట్టి, గోడకు తగిలించారు.

ఆ తొంభై సెకన్లు కారు ఎలా పరిగెత్తిందో మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మీరైనా అడుగుతారనే ఇంతసేపూ చెప్పుకొచ్చాను. రెండో మలుపులో అది ఒక్క క్షణం రెండు చక్రాల మీదే...

సరే, మీ ముఖం చూస్తేనే తెలుస్తోంది. రాసుకోండి. ఐదు అరలది, గోధుమ రంగుది.