నర్సరీలో పల్లంరాజు పాట

శుక్రవారం పొద్దున్న పల్లంరాజు వేసుకున్న లెక్క చాలా చిన్నది. ఏడింటికల్లా ఉప్పాడ ఒడ్డున చేపల పాట ముగించాలి. రెండుసార్లు సబ్బు పెట్టి స్నానం చేయాలి. పెళ్లినాటి తెల్లచొక్కా తొడుక్కుని పదింటికి పిఠాపురంలో కూతురు వీరదుర్గ చదివే బడికెళ్లి, అక్కడా ఓ పాట పాడిపెట్టి, భోజనం వేళకి ఇంటికొచ్చేయాలి.

పడవలు ఒడ్డుకు రాగానే గంపల ముందు నిలబడి వేలం పాడడం అతని పని. ఒడ్డున దాన్ని వేలం అని ఎవరూ అనరు, పాట అనే అంటారు. మొన్న నర్సరీ టీచరు మంజుష ఫోన్ చేసింది.

"వీరదుర్గ క్లాసులో అందరితో కలిసి నోరు విప్పట్లేదండి. ఇలాగే ఉంటే ఎల్‌కేజీకి పంపలేం, ఇంకో ఏడాది నర్సరీలోనే ఉంచాలి. పేరెంట్స్ వచ్చి సాయం చేస్తే పిల్లలకి ధైర్యం వస్తుంది. మీరు రోజూ పాట పాడతారంట కదా, పాప నా చెవిలో చెప్పింది. శుక్రవారం వచ్చి పాడతారా?"

"ఆయ్, దానికేముందండి. మరి సామాను?"

"మైకు, పెట్టె అన్నీ మేమే పెడతామండి."

వినాయక చవితికి ఊళ్లో లడ్డూ పాట పాడేదీ పల్లంరాజే. పిల్లలు చేసిన బొమ్మలేవో పెట్టెలో వేసి పాటకు పెడుతున్నారనుకున్నాడు. అతని దిగులంతా కూతురి గురించే. ఇంట్లో నోరు మూయని పిల్ల బడికెళ్తే ఎందుకు మూగదైపోతోందో అతనికీ, భార్య లోవమ్మకీ అంతు పట్టలేదు. ఆ ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి లోవమ్మ సరిగా అన్నం తినడం లేదు.

బడి గుమ్మంలో వీరబ్రహ్మం అనే పెద్దాయన ఎదురొచ్చాడు. ఆయన సంగీతం మాస్టారు. ఆ ముక్క ఎవరూ చెప్పలేదు గనక, ఆయన చేతిలో పుస్తకం చూసి, పాట రాసుకునే గుమస్తా అనుకున్నాడు పల్లంరాజు.

"మీ పక్కన కూర్చునేది నేనేనండి. ఎంతలో ఎత్తుకుంటారు? ఒకటిన్నరలోనా?" అన్నాడు మాస్టారు. ఆయన అడిగింది శ్రుతి.

పల్లంరాజుకు గుర్తొచ్చినవి వేల రూపాయలు. "సరుకుని బట్టండి. ఒకటిన్నరలో ఎత్తినా, జనంలో ఊపుంటే ఆరు దాకా లాగేస్తానండి."

వీరబ్రహ్మం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆరు దాకానా? ఊపిరి తిప్పుకోకుండానా?"

"ఊపిరి తిప్పుకుంటే పాట పడిపోద్ది కదండి."

ముప్పై ఏళ్లుగా రెండున్నర దాటని గొంతులతో వేగిన మాస్టారు ఆ మాట మోసుకుని తిన్నగా కరస్పాండెంటు గదికి వెళ్లాడు. కరస్పాండెంటు వేణుగోపాలరాజు గారు రొయ్యల వ్యాపారం చేసి బడి పెట్టిన మనిషి, పద్యమంటే చెవి కోసుకుంటారు. ఇంకేముంది, నర్సరీ గదిలో జరగాల్సిన కార్యక్రమం పెద్ద హాల్లోకి మారింది. మిగతా క్లాసులు ఆపేశారు. సాయానికొచ్చిన తల్లులు కుర్చీలు మోశారు. రాజుగారు ముందు వరసలో కూర్చుని సెల్‌ఫోన్ ఆపేశారు. ఆయన ఫోన్ ఆపేయగా ఆ బడిలో ఎవరూ చూసి ఎరగరు.

పల్లంరాజు స్టేజీ ఎక్కి సరుకు కోసం చూశాడు. సరుకు లేదు. వీరబ్రహ్మం ముందు పెట్టె ఉంది, మూత తీస్తే హార్మోనియం. వెనక గోడ మీద రంగు కాగితాలతో 'నేటి గాయకులు శ్రీ పల్లంరాజు గారు' అని అతికించి ఉంది.

వీళ్లడిగింది ఏ పాటో అతనికి అప్పుడు తెలిసొచ్చింది. జన్మలో ఒక్కసారి జోలపాట ఎత్తుకుంటే కూతురు "ఊరుకో నాన్నా, నిద్రొస్తోంది" అంది. అదీ అతని సంగీతం. దిగి వెళ్లిపోదామంటే రాజుగారి కుర్చీ పక్కనే, నేల మీద, వీరదుర్గ తననే చూస్తూ కూర్చుంది. ఇంతమంది ముందు నాన్న పారిపోతే ఆ పిల్ల ఇక బడిలో నోరు తెరుస్తుందా?

హార్మోనియం ఒకటిన్నరలో గుయ్యిమంది. ఒక నిమిషం గడిచింది. మైకులో పల్లంరాజు ఊపిరి తప్ప ఏమీ వినబడడం లేదు.

"ఆలాపన" అన్నారు రాజుగారు మెల్లగా, పక్కనున్న మంజుషతో.

రెండో నిమిషానికి తెల్లచొక్కా తడిసి వీపుకు అంటుకుపోయింది. అప్పుడు వీరదుర్గ లేచింది. మూలనున్న ఆటసామాను బుట్టలోంచి ఎర్ర ప్లాస్టిక్ చేప ఒకటి వెతికి తెచ్చి, నాన్న కాళ్ల దగ్గర పెట్టి, "పాడు నాన్నా" అంది.

చేప కనబడితే చాలు, పల్లంరాజు నోరు దానంతటదే తెరుచుకుంటుంది. "రండి బాబూ రండి, పండుగప్ప, ఇప్పుడే ఒడ్డుకొచ్చింది, మొప్పలు ఎత్తి చూసుకోండి. చప్పట్లకే పాట. ఎన్ని చప్పట్లు?"

"పది" అని అరిచింది వీరదుర్గ, హాలు దద్దరిల్లేలా.

బడిలో కూతురి గొంతు అతను వినడం అదే మొదలు. ఆగి ఇంకోసారి విందామనిపించింది గానీ, ఆగితే పాట పడిపోతుంది. "పది, పది, పాప పాట పది."

"ఇరవై" అంది ఒక పిల్ల. "ఏడు" అంది ఇంకో పిల్ల. "యాభై" అన్నారు రాజుగారు. రొయ్యల పాటల్లో ఇరవై ఏళ్లు నలిగిన మనిషి, చెయ్యి దానంతటదే లేచిపోయింది. వీరదుర్గ వంద అంటే ఆయన నూట యాభై అన్నారు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. చేప రాజుగారిదైంది. బడి మొత్తం లెక్కపెడుతుంటే నూట యాభై చప్పట్లూ ఆయనొక్కరే కొట్టారు.

"పాపని ఎల్‌కేజీకి పంపించేయండి" అన్నారాయన, మండుతున్న అరచేతులు రుద్దుకుంటూ.

మంజుష వీరదుర్గ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "ఇంత గొంతుంది కదమ్మా. మరి రోజూ పాట పాడదాం రమ్మంటే నోరు విప్పవేం?"

వీరదుర్గ నాన్న వేలు పట్టుకుని చెప్పింది.

"రోజూ పాట, పాట అంటారు. చేపలే పెట్టరు."