సోఫాని ఎవరూ ఏమీ అనలేదు

ఆదివారం పొద్దున పదిగంటలకు సోఫాల మేస్త్రీ వస్తాడు, సోఫాని అటూ ఇటూ నొక్కి చూస్తాడు, గుడ్డ మార్చే వేళయిందో లేదో తేల్చేస్తాడు. హెడ్ గుమాస్తాగారి భార్య వేసుకున్న పథకం ఇంతే. ఏడేళ్ళుగా ఆవిడ ఆ గుడ్డ మార్పించమని పోరుతూనే ఉంది. చేతులు ఆనించేచోట గుడ్డ అరిగిపోయి లోపలి పీచు బయటికి తొంగిచూస్తోంది. ఎవరైనా వస్తున్నారంటే చాలు, దానిమీద దుప్పటి కప్పి సిగ్గుతో చచ్చిపోయేది.

గుమాస్తాగారు ఆఫీసులో ఫిర్యాదు రానిదే ఏ ఫైలూ కదిలించరు. ఇంట్లోనూ అదే రూలు.

"వచ్చినవాళ్ళెవరైనా బాలేదని నోరు తెరిచి అన్నారా? అంటే ఆ రోజే మార్పిద్దాం," అన్నారు పేపరు తిప్పుతూ.

"మనింటికొచ్చి, మన టీ తాగుతూ, మీ సోఫా బాలేదని ఎవరంటారండీ?"

"అనలేదంటే బాగున్నట్టే."

తొమ్మిదిన్నరకు తలుపు చప్పుడైంది. వచ్చింది మేస్త్రీ కాదు, గుమాస్తాగారి మేనేజరు. ఊరెళుతూ ఆఫీసు బీరువా తాళాలు ఇచ్చిపోదామని వచ్చారు. పదిన్నరకు ఆయన రైలు. ఆవిడ దుప్పటి తెచ్చేలోపే ఆయన సోఫాలో కూర్చున్నారు. కూర్చోగానే లోపలి స్ప్రింగొకటి గుడ్డ చీల్చుకుని పైకొచ్చి ఆయన ప్యాంటును వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. లేవబోయారు. బట్ట చిరుగుతున్న చప్పుడు సన్నగా వినిపించింది. మళ్ళీ కూర్చున్నారు. ఆయన మరీ మర్యాదస్తుడు. తన కింద పనిచేసే మనిషి ఇంట్లో, అతని భార్య ఎదురుగా, ఆ సంగతి ఏమని చెబుతారు పాపం!

"కాసేపు కూర్చుంటానయ్యా," అన్నారు.

పదయింది. రెండో టీ కూడా అయింది.

"రైలుకి టైమవుతోందేమో సార్?"

"రైళ్ళదేముంది, రోజూ ఉంటాయి."

గుమాస్తాగారు ఒక్క అంగలో వంటింట్లోకి వెళ్ళారు. "చూశావా? రైలు పోతున్నా సరే, ఆయన మన సోఫా వదలడంలేదు!"

ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. గుమాస్తాగారు అంతటితో ఊరుకున్నారా? పక్కింటి డ్రిల్లు మాస్టారిని సాక్ష్యానికి పిలుచుకొచ్చారు. మాస్టారిది భారీ విగ్రహం. ఆయన వచ్చి పక్కన కూలబడేసరికి స్ప్రింగు మరో అంగుళం పైకి లేచింది. మేనేజరుకు కళ్ళనీళ్ళు తిరిగాయి.

"మా సోఫా ఎలా ఉంది సార్?" అన్నారు గుమాస్తాగారు, మాస్టారికి వినబడేలా.

"చాలా బాగుందయ్యా," అన్నారు మేనేజరు పళ్ళు బిగించి.

సరిగ్గా అప్పుడొచ్చాడు మేస్త్రీ, అరగంట ఆలస్యంగా. మేనేజరు ముఖం ఒక్కసారి చూశాడు. ముప్పై ఏళ్ళుగా అదే పనిలో ఉన్నవాడు, ఇలాంటి ముఖాలు చాలా చూశాడు. "సార్, మీరు కదలకండి. అడుగున చిన్న పనుంది," అని మోకాళ్ళ మీద కూర్చుని, కింద చెయ్యి పెట్టి, పటకారుతో ఏదో మెలితిప్పాడు. పర్రుమని శబ్దం. మేనేజరు అమాంతం లేచి, సంచీ వెనక అడ్డుపెట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మం చేరుకున్నారు.

"సోఫాకి వీపు చూపించడానిక్కూడా మనసొప్పడంలేదు!" అన్నారు గుమాస్తాగారు.

గుమ్మంలో మేనేజరు, వెనకే వచ్చిన మేస్త్రీ చెయ్యి పట్టుకున్నారు. "మా ఇంట్లో కూడా ఒక సోఫా ఉంది. పదేళ్ళుగా ఎంతమంది వచ్చారో, ఎంతసేపు కూర్చున్నారో! ఒక్కరు... ఒక్కరంటే ఒక్కరు పల్లెత్తు మాట అనలేదు. ఇప్పుడే నాతో వచ్చెయ్యి బాబూ. ఎలాగూ రైలు పోయింది."

గుమాస్తాగారు సోఫా వైపు తిరిగారు. మాస్టారు లేచిపోయిన ఆ సోఫా మధ్యలో స్ప్రింగు నిటారుగా నిలబడి ఉంది. దాని కొసన బూడిదరంగు ప్యాంటు ముక్క ఊగుతోంది. ఆయన ముఖంలో నెత్తుటిచుక్క లేదు. ఇంతకాలం ఇంటికొచ్చిన వాళ్ళందరూ వరసగా గుర్తొచ్చారు, వాళ్ళు వెళ్ళేటప్పటి తొందరతో సహా. భార్య ముఖం చూసే ధైర్యం లేక, చెప్పులైనా వేసుకోకుండా మెట్లు దిగి పరుగెత్తారు.

"మేస్త్రీ! ముందు మాదయ్యా, మాది!"

"సార్‌గారిది అవ్వగానే ఎల్లుండి వస్తానండి," అన్నాడు మేస్త్రీ సైకిలెక్కుతూ.

"ఎల్లుండా!"

అన్నాళ్ళు ఆగడం తనవల్ల కాదని గుమాస్తాగారు ఆ మెట్లమీదే కూర్చుండిపోయారు.