తేదీ అడిగిన కంప్యూటర్

ఆ రోజు ఉదయం అనుకున్న పని చిన్నదే. కూతురు లాండ్రీకి వెళ్ళి, తాను రాసిన కొత్త ప్రోగ్రామును అక్కడి ముసలి కంప్యూటర్లో ఎక్కించి, మధ్యాహ్నానికల్లా ఇంటికి వచ్చేయాలి. అది పనిచేస్తే ఆమెకు తొలి గిరాకీ దొరికినట్టు. పనిచేయకపోతే మర్నాడు తండ్రి కోటు తొడుక్కుని, ఆమెను వెంటబెట్టుకుని, స్నేహితుడి ఆఫీసులో ఉద్యోగం అడగడానికి బయల్దేరతాడు. ఆ కోటు ఉతుక్కి వెళ్ళిందీ అదే లాండ్రీకి.

"నేనూ వస్తా. ముప్పై ఏళ్ళ మిషను, షాక్ కొడితే నిన్ను లాగేదెవరు?" అంది తల్లి.

"నన్ను పట్టుకుంటే నీకూ కొడుతుందమ్మా."

"తెలుసు. అందుకే చెక్క గరిటె తెచ్చుకుంటున్నా."

కంప్యూటర్ మార్చేది లేదని లాండ్రీ యజమాని ఎప్పుడో తేల్చేశాడు. "నాకు షుగరొచ్చింది, బీపీ వచ్చింది. దానికి జలుబు కూడా రాలేదు" అనేవాడు. చిక్కల్లా ఒక్కటే. ఈ శతాబ్దపు తేదీలు ఇస్తే దాని పాత సిస్టమ్ తడబడేది. అందుకని షాపులోకి వచ్చే ప్రతి బట్టా అందులో ముప్పై ఏళ్ళ కిందటి తేదీతోనే ఎక్కేది. కూతురు దాన్ని ఆ కాలంలోనే ఉండనిచ్చి, రశీదు మీద మాత్రం అసలు తేదీ పడేలా ప్రోగ్రాము రాసింది. ఏడాది దాటినా ఎవరూ తీసుకెళ్ళని బట్టలకు చీటీలు కూడా అదే కొట్టి ఇస్తుంది. అలాంటివి వృద్ధాశ్రమానికి ఇచ్చేయడం షాపు పద్ధతి.

అంతా సవ్యంగా నడిచింది. యజమాని తృప్తిగా తల ఊపి టీకి వెళ్ళాడు. ప్రింటరుకు ఇంకో రిబ్బను తెచ్చి పెడదామని కూతురు లేచింది.

"అమ్మా, దేన్నీ ముట్టుకోకు."

"నాకేం పని?"

ఆమె వీధి మలుపు తిరిగిందో లేదో, కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్ మళ్ళీ మేలుకుని, తెర మీద ఒక ప్రశ్న వేసి కూర్చుంది.

"ఏమంటోందయ్యా అది?" అని తల్లి ఇస్త్రీ మేస్త్రిని అడిగింది.

"తేదీ అడుగుతోందండి. రోజూ అయ్యగారే కొడతారు."

"చెప్పకపోతే?"

"అలా చూస్తూనే ఉంటుందండి."

అలా చూడటమే తల్లికి నచ్చలేదు. చూసి చూసి వేడెక్కి పేలిపోతే? కింద బట్టలు, పక్కన ఇస్త్రీపెట్టె, తలుపు ఒక్కటే. ఆమె గరిటె కాడతో ఒక్కో అంకే నొక్కి, నిజాయితీగా ఇవాళ్టి తేదీ చెప్పింది.

కంప్యూటర్ ఒక్క దెబ్బకు ముప్పై ఏళ్ళు పెద్దదైపోయింది. నిన్న వచ్చిన చొక్కా కూడా దాని లెక్కలో ముప్పై ఏళ్ళుగా దిక్కులేకుండా పడి ఉంది. ప్రింటరు చీటీలు కక్కడం మొదలుపెట్టి, మరి ఆగలేదు.

"ఇన్నీ ఆశ్రమానికేనా?"

"అది చెప్పిందంటే అంతేనండి. ఇన్నేళ్ళలో ఒక్క తప్పు చెప్పలేదు" అంటూ మేస్త్రి బండి తెచ్చాడు. దారిలో దుమ్ము పడుతుందేమోనని తల్లి సగం బట్టలకు దుప్పటి కప్పింది. మిగతా సగానికి దుప్పటి చాలలేదు.

కూతురు వచ్చేసరికి షాపులో హ్యాంగర్లు తప్ప మరేం లేవు.

"అమ్మా! బట్టలేవి?"

"పేలలేదు కదా, సంతోషించు."

యజమాని వచ్చి, చూసి, స్టూలు మీద కూలబడ్డాడు. కూతురికి మర్నాటి ఉద్యోగ ప్రయాణం కళ్ళముందు కదిలింది. మేస్త్రిని వెనక్కి పిలవడానికి ఫోన్ తీసేలోగా గుమ్మంలో ఒక మాస్టారు ప్రత్యక్షమయ్యాడు.

"నా ప్యాంటు బండెక్కి వెళుతోందేమిటయ్యా?"

ఆయన వెనక ఇంకొకరు, ఆ వెనక వీధి వీధంతా. తీసుకెళ్ళని బట్టలు పంచేస్తున్నారని అప్పటికే పుకారు పాకింది. కూతురు ఫోన్ చేసి పిలిస్తే బండి ఆశ్రమం నుంచి తిరిగొచ్చేసరికి, నెలల తరబడి ఇటు తొంగిచూడనివాళ్ళు కూడా రశీదులు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. సాయంత్రానికి లాండ్రీలో ఒక్క పాత మూట లేదు. యజమాని గల్లాపెట్టె మూత పడక చేత్తో అదిమి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఈ తప్పుని దిద్దకు. ఏడాదికోసారి కావాలి. మా తమ్ముడి షాపులోనూ ఇదే మిషను, అక్కడా పెట్టు."

"తప్పు ప్రోగ్రాములో లేదండీ. మా అమ్మలో ఉంది."

"అయితే ఆవిణ్ణి కూడా తీసుకురా."

తిరిగి రానిది తండ్రి కోటు ఒక్కటే. బండి చేరగానే ఆశ్రమం వాచ్‌మన్ దాన్ని తొడిగేసుకున్నాడు. దాంతో ఉద్యోగం అడగడానికి వెళ్ళే ప్రయాణం ఆగిపోయింది. కోటు అతనికే నప్పిందని తల్లి కూడా ఒప్పుకుంది. దాని రెండో గుండీ ఊడిపోతుందేమోనని మాత్రం ఆమెకు ఇప్పటికీ భయమే.