వాచీల మామయ్య తాగిన హార్మోన్

వాచీల మామయ్య ఆ పొద్దున్న అనుకున్నది చిన్న పనే. అజీర్తి చుక్కలు తాగి, వాచీల దుకాణం తెరవాలి. మతిమరుపులో వీధి మొత్తానికీ ఆయన పెట్టింది పేరు. భార్య చెప్పిన పని గుమ్మం దాటేలోపే మరిచేవాడు. కళ్ళజోడు పెట్టుకోవడానికి బద్ధకించి, ఫ్రిజ్ తలుపులో చేతికందిన బుల్లి సీసా మూత పీకి, నీళ్ళలో కలిపి గటగటా తాగేశాడు.

"తాతయ్యా! అది నా మందు!" మనవరాలు కెవ్వుమంది.

వయసుకు తగ్గట్టు ఎదగడం లేదని ఆ పిల్లకు డాక్టరు రాసిన గ్రోత్ హార్మోన్ అది. మామయ్య భయంగా నడినెత్తి తడుముకున్నాడు.

"ఈ వయసులో పొడుగైపోతానా ఏమిటే?"

"ఏమో! మెదడుకీ నరాలకీ కూడా మేలు చేస్తుందేమోనని పరీక్షలు చేస్తున్నారని అమ్మ చెప్పింది." అంటూనే ఆ పిల్ల తల్లికి ఫోన్ చేసింది.

అంతే, మామయ్య భయం ఎగిరిపోయింది. "అదీ సంగతి! తలలో దీపాలు వెలుగుతున్నాయి! అడగండి, ఏదైనా అడగండి!"

"మన పెళ్ళిరోజు?" అంది భార్య అనుమానంగా.

"గురువారం. జోరు వాన. మీ అన్నయ్య చెప్పు తెగింది!"

ఆవిడ కళ్ళు చెమర్చాయి. కేకలు విని పక్కింటి టైలరు పరుగెత్తుకొచ్చాడు. "మామయ్యా, మరి నా గొడుగు?"

"మా అటక మీదే. నాలుగేళ్ళయింది!"

టైలరు చప్పట్లు కొట్టాడు. గుమ్మం నిండా జనం.

"పోయినేడు మా అక్కయ్య కోసం స్టేషన్‌కి ఎందుకెళ్ళలేదు?" అంది భార్య.

"దుకాణంలోనే ఉన్నా. చదరంగం మంచి పట్టులో ఉంది. పైగా ఆవిడ వస్తే నెల్లాళ్ళు కదలదుగా!"

అప్పుడే పాప ఫోన్ అందుకున్న కోడలు రొప్పుతూ వచ్చింది. ఆసుపత్రిలో నరాల విభాగంలో నర్సు. నాడి చూసి, సీసా చూసి ఊపిరి పీల్చుకుంది.

"కంగారేం లేదు మామయ్యగారూ. అది సూదితో ఎక్కించాల్సిన మందు. తాగితే కడుపులోనే అరిగిపోతుంది, మెదడు దాకా ఎక్కడ పోతుంది? జ్ఞాపకశక్తి పెరుగుతుందని ఎవరూ తేల్చనూలేదు. పాపకి ఇంకో సీసా ఉందిలెండి."

చప్పట్లు ఆగాయి. టైలరు మెల్లగా అటకకేసి చూశాడు. మామయ్య నేలకేసి చూశాడు.

"అంటే, ఇన్నాళ్ళూ అన్నీ గుర్తుండే మరిచిపోయారన్నమాట," అంది భార్య చాలా నెమ్మదిగా.

ఆ ఆదివారమే భార్య అక్కయ్య రైలు దిగింది. మామయ్య గంట ముందు నుంచీ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు.